స్థైర్యము: చార్లెస్ ఫిలిప్పు బ్రౌనుదొర జీవితమువలన తెలియవలసినది

ఉపోద్ఘాతము

లోకములో గొప్ప పనులకు పూనుకొనువారు చాలమంది కలరు. పూనుకొన్న పనిని కష్టములు వచ్చిన పిమ్మటను విడువనివారు కొందఱే కలరు. మొదటివారిని ఉత్సాహవంతులందుము, రెండవవారికి స్థైర్యవంతులని పేరు. ధైర్యము ఆపద యెదురైన గడియలో అక్కఱకు వచ్చును. ఆ గడియ గడచి, చూడవచ్చినవారెల్ల ఇండ్లకు పోయి, మెచ్చువారు లేక, చేతిలో ధనము లేక మనుష్యుడు తన పనితో ఒంటరిగా మిగిలినప్పుడు అక్కఱకు వచ్చునది స్థైర్యము. సంఘసంస్కరణమునకు పూనుకొనువారికి ముఖ్యముగా కావలసినది ఈ రెండవ గుణమే యని మేము ఈ చిన్నపుస్తకమున విన్నవింపదలచితిమి.

మన పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు సీమలలో ఈ గుణమును గూర్చి ఒక పొరపాటు చిరకాలమునుండి కలదు. తాతలనాటి పొలముగట్టు తగవును మనుమలు విడువక పట్టుకొనియుండుటను పౌరుషమని మెచ్చుకొనువారు మనలో లేకపోలేదు. అది పంతము గాని స్థైర్యము గాదు. పంతము ఎదుటివాని ఓటమిని గోరును; స్థైర్యము తాను చేపట్టిన పని నిలుచుటను గోరును. పంతమునకు ఎదిరి యుండవలెను. ఎదిరి లేనినాడు పంతము ఆఱిపోవును. స్థైర్యమునకు ఎదిరితో ప్రమేయమే లేదు. ఇంతటి పట్టుదల గల జనులు ఆ పట్టుదలను సత్కార్యములవైపు త్రిప్పుకొనిరేని ఈ సీమలలో సాధింపరానిది యుండదు.

మఱియొక సంగతిని గూడ మొదటనే చెప్పవలసియున్నది. స్థైర్యము పుట్టుకతో వచ్చునని కొందఱు తలతురు. మన కడపమండలమునందే పోరుమామిళ్లలో ఒక గొప్ప చెఱువు కలదు. విజయనగరరాజైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని కట్టించి 1369లో శాసనము వేయించెను. మంచి చెఱువునకు పండ్రెండు అంగములు వలయుననియు, ఆఱు దోషములు కూడదనియు ఆ శాసనము చెప్పుచున్నది. కట్టనుండి నీరు ఊటలెత్తుట, నేల చౌడగుట, నీరు కొంచెమై పొలము విస్తారమగుట మొదలైనవి ఆ దోషములు. వెయ్యిమంది కూలీలు, నూఱు బండ్లు రెండేండ్లు పనిచేసినగాని ఆ చెఱువు పూర్తికాలేదట. వరద వచ్చిన పిమ్మట కట్ట వేయువాడు ఎచ్చటను లేడు. ఎండకాలమున, నీటిచుక్క కనబడనప్పుడు, మన్ను మోసి వేసిన కట్టయే వానకాలమున నీటిని నిలుపును. మనుష్యుని స్థైర్యమును అట్టిదే. అది కష్టమునకు ముందు, ఎవరును చూడనప్పుడు, నిత్యకృత్యములచేత కట్టబడునది.

ఇందులకు నిదర్శనముగా మేము చెప్పబూనినది ఈ మండలముతో మిక్కిలి సంబంధము గల చార్లెస్ ఫిలిప్పు బ్రౌను జీవితము. ఆయన పరదేశస్థుడు, పరమతస్థుడు, కుంపిణీ యుద్యోగి. సద్గుణము ఏ జాతియందు కనబడినను గ్రహింపవలెననుట బ్రాహ్మధర్మములో మొదటి పాఠము గదా. కాన చదువరులు ఆయన జన్మమును చూడక పనిని చూతురని నమ్ముచున్నాము.

బాల్యము, విద్య

బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. ఫోర్టు విలియము కళాశాలలో పెద్ద పదవి వహించినవాడు. పెక్కు భాషలయందు అభిరుచి గల ఆ తండ్రి కుమారులకు చిన్ననాటనే ప్రాచ్యభాషలు నేర్పించెను. ఆ కలకత్తాలోనే మఱి కొన్నియేండ్లకు, అనగా 1828లో, రాజా రామమోహనరాయలు బ్రాహ్మసభను స్థాపించెను. ఒకే నగరము ఒకవంక సత్యధర్మమునకును, ఒకవంక తెనుగుభాషను ఉద్ధరింపబోవు బాలునకును పుట్టినిల్లగుట తలచుకొనదగిన విషయము.

1812లో తండ్రి మరణించెను. అప్పటికి బ్రౌనునకు పదునాలుగేండ్లు నిండలేదు. కుటుంబము ఇంగ్లండునకు మఱలిపోయెను. పిల్లవాని జీవితములో ఇది మొదటి దెబ్బ. తండ్రి యిచ్చిన ఆస్తి యేదియు లెక్కింపదగినది గాదు. తండ్రి నేర్పిన చదువు మాత్రము నిలిచెను. కుంపిణీ యుద్యోగులను తయారుచేయు హెయిలీబరీ కళాశాలలో చదివి, 1817 ఆగష్టులో ఆయన మద్రాసులో దిగెను. అప్పటికి ఆయనకు తెనుగు ఒక్క ముక్కయు రాదు.

మద్రాసులోని సెయింటు జార్జి కోట కళాశాలలో ఆయన తెనుగు నేర్చుకొనెను. వెలగపూడి కోదండరామ పంతులుగారు ఆయనకు గురువు. 1820లో చదువు ముగియునప్పటికి మద్రాసు గవర్నరు పదవికి సర్ థామస్ మన్రో వచ్చియుండెను. 1800 మొదలు 1807 వఱకు దత్తమండలములను పాలించి, డేరాలలో తిరిగి రైతుల మాటలు స్వయముగా వినిన మన్రోను మన సీమవారు నేటికిని ఎఱుగుదురు. ప్రజల భాష రానివానికి ప్రజల కష్టము తెలియదని ఆయన యువకులైన ఉద్యోగులకు బోధించుచుండెను. ఆ బోధ ఎందఱి చెవులలో పడినదో గాని, బ్రౌను మనస్సున మాత్రము నాటుకొనెను.

కడపకు రాక

1820 ఆగష్టులో ఆయన కడప కలెక్టరునకు సహాయుడుగా నియమింపబడెను. హాన్బరీ యను ఆ కలెక్టరు తెనుగులో ధారాళముగా మాటలాడుచుండెను. బ్రౌనునకు ఇరువది రెండేండ్లైనను నిండలేదు. కచేరీలో నిత్యము రైతులు, కరణములు, రెడ్లు వచ్చి మొఱలు చెప్పుకొనుచుండిరి. ఆ మాటలు కళాశాలలో చదివిన పుస్తకములలోని మాటలు గావు. వ్రాతతెనుగు వేఱుగను, నోటితెనుగు వేఱుగను ఉండుట ఆయనకు అచ్చటనే బోధపడెను. ఆ పిమ్మట ముప్పదియేండ్లకు వెలువడిన నిఘంటువులో కావ్యములలోని పదములతోబాటు సంతలలోను కచేరీలలోను వినబడు పదములకు గూడ చోటు దొరకుటకు కారణము కడప కచేరీయే యని మా తలంపు.

ఆయన వచ్చిన మఱుసటి యేడే, అనగా 1821లో, కడపలో బీదపిల్లలకు ఉచిత పాఠశాలలు పెట్టించెను. 1822లో మచిలీపట్టణమునకు బదిలీ కాగా అచ్చటను 1823లో పాఠశాల పెట్టించెను. ఈ పాఠశాలలకు సర్కారు సొమ్ము లేదు. ఆయన జీతమే ఆధారము. చదువు కొన్ని ఇండ్లవారి సొత్తని తలపబడుచున్న ఆ దినములలో ఇది సామాన్యమైన పని గాదు.

వేమన

మచిలీపట్టణమున నుండగా, 1824లో, ఫ్రెంచి మతాచార్యుడైన ద్యుబువా వ్రాసిన గ్రంథములో వేమన పేరు ఆయన కంటబడెను. వేమన పద్యములు ఊరూర జనుల నోళ్లలో నుండెను. పండితుల పెట్టెలలో మాత్రము లేకుండెను. జాతిభేదమును, విగ్రహారాధనమును, కపటసన్యాసమును తెగడిన ఆ కవిని వ్యాకరణము తెలిసినవారు కవిగా లెక్కింపలేదు. మన పులివెందులకు దక్షిణముననున్న కదిరిప్రాంతపు కటారుపల్లెలో వేమన సమాధి కలదని ఈ సీమవారెల్లరు ఎఱుగుదురు. మన ముంగిటనున్న ఈ మాణిక్యమును లోకమునకు చూపుటకు సముద్రము దాటివచ్చిన యొక యువకుడు కావలసివచ్చెను.

బ్రౌను వ్రాతప్రతులను తెప్పించెను. ఒక ప్రతికిని మఱియొక ప్రతికిని పొంతన లేదు. ఒకదానిలో నున్న పద్యము మఱియొకదానిలో లేదు. ఉన్నను పాఠము వేఱు. ఆయన అన్నిటిని సరిపోల్చి, పద్యములను ఏఱి, ఆంగ్లానువాదముతో 693 పద్యములను 1829లో అచ్చొత్తించెను. పదియేండ్లకు, 1839లో, ఆ సంఖ్యను 1164కు పెంచి రెండవమాఱు ప్రకటించెను. కలకత్తాలో బ్రాహ్మసభ వెలసిన మఱుసటియేడే, సహగమనము నిషేధింపబడిన 1829వ యేటనే, ఏకేశ్వరుని తన హృదయమునందే వెదకుకొనుమని చెప్పిన తెనుగుకవి అచ్చులో వెలువడుట మాకు మిక్కిలి సంతోషము గలిగించుచున్నది. ఈ రెండు పనులకు నడుమ సంబంధమున్నదని మేము చెప్పుట లేదు. పరమేశ్వరుడు ఒకే కాలమున పెక్కు పొలములలో విత్తనము చల్లునని మాత్రము చెప్పుచున్నాము.

కడప బంగళా

1826లో బ్రౌను మఱల కడపకు వచ్చెను. ఈమాఱు ఆయన ఒక బంగళాను తోటతోగూడ కొని, అందు పండితులను, వ్రాయసకాండ్రను చేర్చి జీతములిచ్చి పనిచేయించెను. జనులు దానిని బ్రౌను కాలేజి యనిరి. అందు పరీక్షలు లేవు, పట్టములు లేవు. తెనుగుగ్రంథములు చెడిపోకుండ కాపాడుటయే అచ్చటి చదువు.

ఆ పని జరిగిన విధము తెలిసికొనదగినది. తాటియాకులమీద నున్న గ్రంథములను పురుగు తినివేయుచుండెను. వ్రాయసకాండ్రు ఒకరినిజూచి ఒకరు వ్రాయుటలో తప్పులు పెరుగుచుండెను. కాన ఒక్కొక్క కావ్యమునకు వేఱు వేఱు ఊళ్లనుండి దొరకినన్ని ప్రతులు తెప్పింతురు. వానినుండి కాగితముమీదికి ఒక ప్రతి యెత్తుదురు. పండితులు కూర్చుండి ప్రతులను ఒకదానితో నొకటి సరిచూచి పాఠభేదములు గుర్తింతురు. తప్పులు దిద్దిన పిదప దానికి సులభమైన తెనుగులో వ్యాఖ్య వ్రాయింతురు. జూలూరి అప్పయ్యగారు మొదలగు పండితులు ఈ పనిలో ఆయనకు కుడిభుజములైరి. కడపవారగు అయోధ్యాపురము కృష్ణారెడ్డిగారు ఆ బంగళాలోని పనిని పైనుండి చూచుకొనుచుండిరి.

ఇచ్చట చదువరులు ఒకటి గమనింపవలెను. బ్రౌనునకు బదిలీలు తఱచు. కుంపిణీవారు ఆయనను మచిలీపట్టణమునకు, రాజమహేంద్రవరమునకు, గుంటూరునకు, తెనుగు వినబడని అఱవదేశమునకు సైతము పంపిరి. పనియంతయు తన చేతిమీదుగనే జరుగవలెనని ఆయన పట్టుబట్టియుండినచో ప్రతి బదిలీతోను ఆ పని ఆగిపోయియుండును. ఆయన అట్లు చేయలేదు. పనిని పద్ధతిగా పెట్టి, పద్ధతిని ఇతరులకు నేర్పి, ఒక విశ్వాసపాత్రుని చేతికి అప్పగించెను. ఆయన ఊరు మాఱినను కడప బంగళాలో కలములు ఆడుచునే యుండెను. నాయకుని స్థైర్యము అతని రొమ్ములో మాత్రమే యుండినచో అతని ఊపిరితోనే పోవును. అతడు ఏర్పఱచిన పద్ధతిలో నుండినచో అతడు లేనినాడును నిలుచును.

ఈ కడప దినములలోనే, 1827లో, తెనుగు సంస్కృత ఛందస్సులను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము అచ్చుపడెను.

కష్టకాలము

1832, 1833 సంవత్సరములలో గుంటూరుసీమను ఘోరమైన క్షామము పీడించెను. నందననామ సంవత్సరపు కఱవనియు, డొక్కల కఱవనియు జనులు దానిని నేటికిని చెప్పుకొందురు. ఆ జిల్లాలో అయిదులక్షల జనులుండగా మూడవవంతునకు తక్కువగాకుండ నశించిరని లెక్కలు వేసినవారు చెప్పుచున్నారు. ఆ సమయమున బ్రౌను ఆ సీమలో అధికారిగా నుండెను. పైవారికి వ్రాయునప్పుడు కొఱత, ఇబ్బంది యని మెత్తని మాటలు వాడుట ఆనాటి యుద్యోగుల మర్యాద. ఆయన దానిని క్షామమనియే వ్రాసెను. వీధులలో జనులు చచ్చుచుండగా కాగితముమీద మాటను మెత్తబఱచుట ఆయన మనస్సునకు సరిపడలేదు. భాషను ప్రేమించువానికి మాటయొక్క నిజము ముఖ్యమైనది గదా.

1834లో ఆయన ఉద్యోగము పోయెను. అప్పటికే ఆయన అప్పులలో మునిగియుండెను. పండితుల జీతములు, కాగితములు, వ్రాతప్రతుల కొనుగోలు, పాఠశాలలు, అచ్చుకూలి, ఇవియెల్ల జీతము చాలక అప్పుమీద జరుగుచున్నవి. జీతము నిలిచినంతనే ఋణదాతలు చుట్టుముట్టుదురని వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆయనకు భార్యాబిడ్డలు లేరు. ఓదార్చు ఇల్లాలు లేదు. పదునేడేండ్లు పనిచేసిన దేశమును విడిచి ఆయన ఇంగ్లండునకు పోవలసివచ్చెను.

ఇట్టి స్థితిలో సామాన్యుడు చేయునది మనకు తెలిసినదే. తన మేలు లోకము గుర్తింపలేదని నిందించును. శత్రువులను తిట్టుచు కాలము గడపును. లేదా ఈ తెనుగుతో నాకేమి పనియని మఱియొక బ్రతుకుతెరువు చూచుకొనును. బ్రౌను లండనులో చేసినది వేఱు. అచ్చటి ఇండియా కార్యస్థానపు పుస్తకశాలలో దక్షిణదేశభాషల వ్రాతప్రతులు ఎవరును ముట్టక దుమ్ముపట్టి పడియుండెను. ఆయన వానిని తెఱచి చూచి, పట్టికలు వ్రాసి, ఇవి ఇచ్చట నుండుటకంటె మద్రాసులో నుండుట మేలని అధికారులకు నచ్చజెప్పి, రెండువేలకు పైబడిన గ్రంథములను ఈ దేశమునకు పంపించెను. ఉద్యోగము లేని దినములలో, అప్పు తీఱని దినములలో, ఎవరును అడుగని ఈ సేవ జరిగినది. కడపలో ఏండ్లతరబడి నిత్యము చేసిన పని లండనులో ఆయన చేతులకు తానై తగిలెను. ఎండకాలమున వేసిన కట్ట వరదలో నిలిచెననుట ఇదియే.

పునరాగమనము, నిఘంటువు

పిమ్మట కుంపిణీవారు ఆయనకు పెర్షియను భాషాంతరీకరుని పదవి యిచ్చిరి. 1838 నాటికి ఆయన మద్రాసులో మఱల పని ప్రారంభించెను. 1840లో ఆయన తెనుగు వ్యాకరణము వెలువడెను. ఆ సంవత్సరముననే జంగముల మతమును, ఆచారములను, వాఙ్మయమును గూర్చి ఒక వ్యాసమును ప్రకటించెను. జాతిభేదమును నిరాకరించి వెలసిన యొక మతమును పరదేశస్థుడు సానుభూతితో పరిశీలించుట సంస్కరణప్రియులు మెచ్చదగిన విషయము. 1844లో వసుచరిత్రమును, 1851లో మనుచరిత్రమును వ్యాఖ్యలతో అచ్చొత్తించెను. 1853లో మన పొరుగుననున్న అనంతపురపు హండె రాజుల చరిత్రమును తెనుగునుండి ఆంగ్లమునకు మార్చి ప్రకటించెను. నడుమ కొన్నియేండ్లు తపాలాశాఖకు పెద్దయై యుండెను. పగలు కచేరీ పని, మిగిలిన కాలమున గ్రంథముల పని, ఇది ఆయన దినచర్య.

1852లో తెనుగు ఆంగ్ల నిఘంటువు వెలువడెను. దానికి జోడుగా ఆంగ్ల తెనుగు నిఘంటువును, తెనుగులో చేరిన హిందూస్థానీ మొదలగు అన్యదేశ్యములకు మిశ్రభాషానిఘంటువును వెలువడెను. మొదటి పదమును చీటిపై వ్రాసుకొన్న నాటికిని, కడపటి పుట అచ్చుపడిన నాటికిని నడుమ దాదాపు పాతికయేండ్లు గడచెను. ఆ పాతికయేండ్లలో బదిలీలు, ఒక క్షామము, ఉద్యోగనష్టము, ఋణబాధ, రెండు సముద్రయానములు కలవు. ఎన్నిమాఱులు దారము తెగినను అన్నిమాఱులు ముడివేసికొని నేత సాగించినవానికిగాని అట్టి వస్త్రము పూర్తికాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మగ్గములను చూచినవారికి ఈ మాట తేలికగా బోధపడును.

తన బ్రతుకంతయు వెచ్చించి కూడబెట్టిన వ్రాతప్రతులను ఆయన వెంటబెట్టుకొని పోలేదు. తాను ఈ దేశమున నుండగనే మద్రాసులోని సాహిత్యసంఘమునకు ఇచ్చివేసెను. అవి పిమ్మట మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు చేరినవి. ఆ తరువాత వచ్చిన ఆంధ్రపండితులు ఎందఱో ఆ ఊటబావి నీరు త్రాగినవారే.

కడపటి దినములు

1855లో ఆయన ఇండియాను విడిచెను. పని విడువలేదు. 1863లో లండనులో కర్ణాటదేశపు కాలగణనమును గూర్చిన గ్రంథము ప్రకటించెను. పిమ్మట లండను విశ్వవిద్యాలయమున తెనుగునకు ఆచార్యుడయ్యెను. వృద్ధాప్యమున తన సాహిత్యజీవితమును గూర్చి ఒక చిన్న వృత్తాంతమును వ్రాసికొనెను. 1884 డిసెంబరు 12వ తేదీన, ఎనుబదియాఱేండ్ల వయస్సున, లండనులో ఆయన కాలము చేసెను. ఆ నగరమున ఆయన పోయినందుకు తెనుగుమాటలతో ఏడ్చినవారు ఉండియుండరు.

కాని పని ఆగలేదు. 1903లో ఆయన నిఘంటువు రెండవకూర్పు వెలువడెను. దానిని సంస్కరించి పెంచినవారు మువ్వురు: వెంకటరత్నముగారు, క్యాంబెల్ దొరగారు, రావుబహదూరు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. 1881లో రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించి, వెలిని, నిందలను ఓర్చి నిలిచిన ఆ మహానుభావుని చేతిలోనికే ఈ పుస్తకము వచ్చుట మాకు కాకతాళీయముగా తోపదు. స్థైర్యవంతుని పనిని స్థైర్యవంతుడు గుర్తించును. కడపలో బ్రౌను నివసించిన బంగళా శిథిలమైపోయెను. 20వ శతాబ్దమున జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పూనికచేత ఆ చోటనే ఆయన పేర ఒక గ్రంథాలయము వెలసెను. అది నేడు యోగి వేమన విశ్వవిద్యాలయమునకు చెందిన భాషాపరిశోధన కేంద్రముగా నున్నది. వేమనను వెలికిదీసినవాని ఇల్లు వేమన పేరిటి విద్యాపీఠము నీడను చేరినది.

గుణదోషములు

మేము ఈ జీవితమును స్తోత్రముగా వ్రాయుటలేదు. బ్రౌనునందు లోపములు కలవు. పండితులయెడ ఆయన మాట కొన్నివేళల కటువుగా నుండెను. వరవు మీఱిన వెచ్చము పెట్టి అప్పుల పాలగుట గృహస్థులకు అనుకరణీయము గాదు. సత్కార్యమునకైనను వెచ్చమునకు హద్దుండవలెను. చౌడునేలలో వేసిన కట్టవలె ఋణము లోలోన తినివేయును. ఆయన సేవించిన కుంపిణీ ఈ దేశమునకు చేసిన అన్యాయములును మఱవదగినవి గావు. కఱవును కఱవని వ్రాసిన ఆయన జీతము ఆ ప్రభుత్వపు శిస్తులనుండియే వచ్చెను. ఇవన్నియు ఒప్పుకొనిన పిదపను మిగులునది కలదు. అది మనకు కావలసినది.

మనము నేర్వవలసినది

మన పట్టణములలో విద్యావంతులు పూనుకొని గ్రంథాలయములు పెట్టుదురు, రాత్రిపాఠశాలలు పెట్టుదురు, బాలికలకు చదువు చెప్పింతురు, ప్రార్థనసమాజములు నడపుదురు. మొదటి సంవత్సరము సభలు, పూలదండలు, ఉపన్యాసములు. రెండవయేట ఒక పెద్దకు బదిలీ యగును, ఒకరికి బంధువులతో వైరము కలుగును, ఒకరు చందా చెల్లింపరు, ఒకరు చనిపోవుదురు. మూడవయేట తలుపునకు తాళము. ఇది ఏ ఒక్క ఊరి కథయు గాదు. దీనికి కారణము దుష్టుల యెదిరింపని మనము చెప్పుకొందుము. నిజమునకు ఆ పని యొక్కని ఉత్సాహముమీద నిలిచియుండెను; ఉత్సాహము తఱుగగా పని కూలెను. పోరుమామిళ్ల శాసనము దోషమని చెప్పిన కొంచెపునీటి విస్తారపు పొలమే ఇది.

బ్రౌను జీవితము మనకు చూపు మార్గము కఠినమైనదేగాని కష్టసాధ్యము గాదు. ఒకటి, ప్రతిదినము కొంచెము పని. ఆయన నిఘంటువు ఒక్కొక్క మాటగా పెరిగినదే. రెండవది, పనిని నేర్పియుంచిన తోడివారు. కృష్ణారెడ్డిగారివంటి వాడొకడు లేని సంస్థకు స్థాపకుని బదిలీయే మరణశాసనము. మూడవది, పనివారికి తప్పక జీతమిచ్చు న్యాయబుద్ధి. పండితుడు తన ఇంట పొయ్యి రాజుకొనునని తెలిసిననే తాళపత్రముపై చూపు నిలుపగలడు. నాలుగవది, ఒక ద్వారము మూసికొనిపోగా ఆ పనికే మఱియొక ద్వారము వెదకుట. కడప బంగళా లేనప్పుడు లండను పుస్తకశాల యుండెను. అయిదవది, మమకారము లేకుండుట. తన సంపాదనమును బ్రదికియుండగనే లోకమున కిచ్చినవానినుండి మృత్యువు హరింపగలిగినది చాల కొంచెము.

గృహజీవితమునకును ఇవియే వర్తించును. ఇంట పంట పోయినను, వ్యాజ్యము ఓడినను, ప్రియజనులు దూరమైనను, ప్రాతఃకాలమున ప్రార్థనకు కూర్చుండువాడు, పిల్లలకు చదువు చెప్పువాడు, చేయవలసిన పని చేయువాడు దుఃఖము లేనివాడు గాడు. దుఃఖము తన పనిని చేయుచుండగా తాను తన పనిని చేయువాడు. అట్టి యలవాటు సుఖదినములలోనే అబ్బవలెను. దుఃఖము వచ్చిననాడు నేర్చుకొందమన్న యెడల దుఃఖము ఆగియుండదు.

ప్రియ చదువరులారా, పాపఘ్ని, చిత్రావతి, పెన్నలు ఏడాదిలో పెక్కుమాసములు ఇసుకయై యుండును. ఆ యిసుకలో చెలమ త్రవ్వి నీరు తోడుకొనుట మన తల్లులకు తెలియును. పైన నీరు కనబడనంత మాత్రమున ఏఱు ఎండెనని వారు తలపరు. ఫలము కనబడని సంవత్సరములలో సంస్కర్తకు ఆ తల్లుల నమ్మకము వలయును. పంతముకొఱకు తరములు వెచ్చించిన ఈ సీమలో, ఒక పాఠశాల కొఱకు, ఒక గ్రంథాలయము కొఱకు, ఒక వితంతువు కంటనీరు తుడుచుట కొఱకు మూడేండ్లు గాక ముప్పదియేండ్లు నిలుచువారు పుట్టుదురుగాక. జాతిమతభేదములు చూడక సర్వజనులయందును వెలుగుచున్న ఏకైక పరమేశ్వరుడు మనకు ఆరంభించు బుద్ధిని ఇచ్చియున్నాడు. నిలుచు బుద్ధిని గూడ దయచేయుగాక.